ఇంజన్ తిప్పని రోటర్ విమానాన్ని ఎలా మోసింది? తొలినాటి ఆటోజైరోల గురించి ఒక సందేహం

ప్రశ్న

నమస్కారం. తొలినాటి ఆటోజైరోల గురించి కొంతకాలంగా చదువుతున్నాను. ఒక చోట ఆలోచన ఎంతకూ ముందుకు సాగక ఇక్కడ అడుగుతున్నాను. ఆటోజైరోకు ముందు భాగంలో మామూలు విమానానికి ఉన్నట్టే ఇంజన్, ప్రొపెల్లర్ ఉంటాయి. నెత్తిన హెలికాప్టర్‌కు ఉన్నట్టు పెద్ద రోటర్ ఉంటుంది. అయితే గాలిలో ఉన్నంతసేపూ ఆ రోటర్‌కు ఇంజన్‌తో ఏ సంబంధమూ ఉండదని, గాలే దాన్ని తిప్పుతుందని చదివిన ప్రతిచోటా ఉంది. రోటర్ కొంచెం వెనక్కి వాలి ఉంటుంది కాబట్టి, యంత్రం ముందుకు పోతున్నప్పుడు గాలి రోటర్ గుండా కింది నుంచి పైకి పోతుందన్న సంగతి కూడా బొమ్మలు గీసుకుని చూస్తే తెలిసింది.

నా చిక్కు దీని తర్వాత మొదలవుతుంది. గాలిమర తిరగాలంటే దాని ఆకులు, తిరిగే దిశలో ముందుండే అంచు గాలి వచ్చే వైపుకు వంగి ఉండేలా వాలి ఉండాలి. ఆటోజైరోలో గాలి కింది నుంచి వస్తోంది కాబట్టి బ్లేడు ముందంచు కిందికి వంగి ఉండాలి కదా? కానీ ఆటోజైరో బ్లేడుకు ముందంచు కొద్దిగా పైకే లేచి ఉంటుందని, హెలికాప్టర్ బ్లేడులాగే తిరుగుతుందని అంటున్నారు. అలాంటి పలకను కింది నుంచి గాలి తోస్తే అది వెనక్కి తిరగాలి గాని ముందుకు ఎలా తిరుగుతుంది? ఇంజన్ సాయం లేకుండా తిరగడమే గాక, యంత్రం బరువంతా మోయడానికి కావలసిన శక్తి దానికి ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంకొక మాట. కొన్ని వ్యాసాలలో ఆటోజైరోను హెలికాప్టర్‌కు ముందు వచ్చిన ఒక సగం ప్రయత్నంగా రెండు వాక్యాలలో తేల్చేశారు. అది న్యాయమేనా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది.

మొదటి జవాబు

మీ చిక్కు సరైన చోటనే ఉంది. ఆటోజైరో గాలిమరలాగా తిరుగుతుందని చెప్పి వదిలేసే వివరణలన్నీ ఈ ప్రశ్న దగ్గర నిలబడలేవు. ఆటోజైరో రోటర్ ఆగి ఉన్నప్పుడు మీరు అన్నదే జరుగుతుంది. కింది నుంచి వచ్చే గాలి ఒక్కటే ఉంటే, ముందంచు పైకి లేచిన బ్లేడును అది సరైన దిశలో తిప్పదు. కాబట్టి ముందుగా రోటర్‌ను ఎవరో ఒకరు సరైన దిశలో తిప్పి పెట్టాలి. ఒకసారి తగినంత వేగం అందుకున్నాక కథ పూర్తిగా మారిపోతుంది, ఎందుకంటే అప్పుడు బ్లేడుకు తగిలే గాలి కింది నుంచి వచ్చేది కాదు, దాదాపుగా ఎదురు నుంచి వచ్చేది.

దీన్ని గ్లైడర్‌తో పోల్చి చూడండి. గ్లైడర్‌కు ఇంజన్ లేదు, అయినా అది నెమ్మదిగా కిందికి జారుతూ ముందుకు పోతూనే ఉంటుంది. రెక్క మీద పుట్టే లిఫ్ట్, అంటే పైకెత్తే బలం, నేలకు లంబంగా ఉండదు, రెక్కకు ఎదురుగా వచ్చే గాలికి లంబంగా ఉంటుంది. గ్లైడర్ కిందికి జారుతున్నప్పుడు గాలి దానికి ముందు నుంచి, కొంచెం కింది వైపు నుంచి వస్తున్నట్టు లెక్క. అప్పుడు ఆ గాలికి లంబంగా ఉన్న లిఫ్ట్ కాస్త ముందుకు వాలుతుంది. అలా వాలిన లిఫ్ట్‌లోని ముందుకు లాగే భాగం గాలి నిరోధానికి సమానమైనంతకాలం గ్లైడర్ వేగం తగ్గదు. ఆటోజైరో బ్లేడు అంటే వృత్తంలో తిరుగుతున్న గ్లైడర్ అనుకోండి. తేడా అల్లా గ్లైడర్ గాలిలో కిందికి జారుతుంది, ఇక్కడ బ్లేడు ఉన్న ఎత్తులోనే ఉండగా గాలి దాని మీదుగా పైకి పోతుంది. బ్లేడు దృష్టిలో రెండూ ఒకటే.

అంకెలతో చూస్తే ఇంకా తేటగా ఉంటుంది. 1934లో తయారైన సియెర్వా సి.30 అనే ఆటోజైరో రోటర్ వ్యాసం 37 అడుగులు, అంటే సుమారు 11.3 మీటర్లు. అది నిమిషానికి 190 చుట్లు తిరుగుతోందనీ, గాలి రోటర్ గుండా సెకనుకు 4 మీటర్ల వేగంతో పైకి పోతోందనీ, బ్లేడు ముందంచు 2 డిగ్రీలు పైకి ఉందనీ అనుకుందాం. బ్లేడు కొన దగ్గర వేగం సెకనుకు దాదాపు 112 మీటర్లు. అంత వేగానికి పైకి పోయే 4 మీటర్లు కలిస్తే, గాలి వచ్చే దిశ అక్కడ కేవలం 2 డిగ్రీలు కిందికి వంగుతుంది. లిఫ్ట్ కూడా అంతే, 2 డిగ్రీలు ముందుకు వాలుతుంది, ఆ కొద్దిపాటి వాలు నిరోధాన్ని గెలవడానికి చాలీచాలకుండా ఉంటుంది. బ్లేడు నడిమికి వస్తే వేగం సగమైపోతుంది, గాలి దిశ 4 డిగ్రీలు వంగుతుంది, బ్లేడు కోణంతో కలిపి గాలికి ఎదురయ్యే కోణం 6 డిగ్రీలు అవుతుంది. ఇక్కడ లిఫ్ట్ బాగా పుడుతుంది, 4 డిగ్రీలు ముందుకు వాలుతుంది, నిరోధం మాత్రం లిఫ్ట్‌తో పోలిస్తే చాలా తక్కువ. రోటర్‌ను నిజంగా తిప్పేది ఈ నడిమి భాగమే. ఇరుసు దగ్గరకు పోయేకొద్దీ వేగం ఇంకా పడిపోయి, ఎదురయ్యే కోణం 14, 15 డిగ్రీలు దాటుతుంది. అక్కడ గాలి బ్లేడును అంటిపెట్టుకుని ప్రవహించలేదు, లిఫ్ట్ పడిపోతుంది, నిరోధం పెరుగుతుంది. అంటే ఒకే బ్లేడులో నడిమి భాగం రోటర్‌ను లాగుతూ ఉంటే కొన, మొదలు దానికి అడ్డు తగులుతూ ఉంటాయి. ఈ లాగుడూ అడ్డూ సమానమైన చోట రోటర్ వేగం నిలకడగా ఉంటుంది.

ఆ నిలకడలో ఒక అందమైన గుణం ఉంది. ఏ కారణం చేతనైనా రోటర్ కొద్దిగా నెమ్మదించిందనుకోండి, బ్లేడు వేగం తగ్గినందువల్ల గాలి దిశ మరింత వంగి లిఫ్ట్ మరింత ముందుకు వాలుతుంది, రోటర్ మళ్ళీ వేగం పుంజుకుంటుంది. వేగం ఎక్కువైతే ఇందుకు వ్యతిరేకంగా జరిగి తగ్గుతుంది. తనంతట తాను సర్దుకునే ఈ తిరుగుడునే ఆటోరొటేషన్ అంటారు. అయితే దీనికి హద్దు ఉంది. బ్లేడు కోణం ఎక్కువగా పెడితే నడిమి భాగం కూడా గాలి మీద పట్టు కోల్పోయి రోటర్ ఆగే దాకా వస్తుంది. అందుకే ఆటోజైరో బ్లేడులను 2, 3 డిగ్రీల వంటి చిన్న కోణంతో బిగిస్తారు.

శక్తి విషయానికి వస్తే, అది ఇంజన్ నుంచే వస్తుంది, చుట్టుదారిన వస్తుంది అంతే. వెనక్కి వాలిన రోటర్ యంత్రాన్ని పైకెత్తడంతో పాటు కొంత వెనక్కి కూడా లాగుతుంది, ప్రొపెల్లర్ ఆ లాగుడును ఎదిరించి యంత్రాన్ని ముందుకు నడుపుతుంది. ప్రొపెల్లర్ చేసిన ఆ పనిలోంచే గాలి ద్వారా రోటర్‌కు శక్తి అందుతుంది. ఇంజన్ ఆగిపోతే ఆ ఖర్చును ఎత్తు భరిస్తుంది. యంత్రం కిందికి దిగుతూ ఉంటుంది, ఆ దిగడం వల్ల గాలి పైకి పోతూనే ఉంటుంది, రోటర్ తిరుగుతూనే ఉంటుంది.

రెండవ జవాబు

పై మిత్రుడు యంత్రం సంగతి చెప్పారు కాబట్టి నేను చరిత్ర వైపు నుంచి వస్తాను. మీ చివరి ప్రశ్నకు, అంటే ఇది హెలికాప్టర్‌కు సగం ప్రయత్నమా అన్నదానికి, ఆటోజైరో ఎందుకు పుట్టిందో చూస్తే సగం జవాబు దొరుకుతుంది. దాన్ని కనిపెట్టిన హువాన్ డి లా సియెర్వా హెలికాప్టర్ తయారు చేయాలని మొదలుపెట్టలేదు. నెమ్మదించినంత మాత్రాన ఆకాశంలోంచి పడిపోని విమానం కావాలన్నది ఆయన పట్టుదల.

సియెర్వా 1895లో స్పెయిన్‌లోని ముర్సియాలో పుట్టారు. సివిల్ ఇంజనీరింగ్ చదివినా, యువకుడిగా ఉన్నప్పటి నుంచే మిత్రులతో కలిసి విమానాలు కట్టారు. 1919లో ఆయన రూపొందించిన మూడు ఇంజన్ల పెద్ద విమానం నేలకు దగ్గరగా ఎగురుతూ, వేగం తగ్గినందువల్ల స్టాల్ అయి, అంటే రెక్క లిఫ్ట్ కోల్పోయి, కూలిపోయింది. రెక్క లిఫ్ట్‌ను నిలుపుకోవాలంటే విమానం ఎంతో కొంత వేగంతో ముందుకు పోతూనే ఉండాలి, ఆ వేగం చాలకపోతే పైలట్ ఎంత నేర్పరి అయినా చేయగలిగింది తక్కువ. ఆ రోజుల్లో ప్రాణాలు తీసిన ప్రమాదాలలో ఈ రకానివి చాలా ఎక్కువ. అప్పుడు సియెర్వా వేసుకున్న ప్రశ్న చాలా సూటిది: విమానం నెమ్మదించినా రెక్క మాత్రం నెమ్మదించకుండా ఉండలేదా? విమానం వేగంతో సంబంధం లేకుండా రెక్క తన సొంత వేగంతో గాలిని కోస్తూ ఉంటే స్టాల్ భయం ఉండదు. అలాంటి రెక్క అంటే తిరిగే రెక్కే.

1920లో కట్టిన సి.1లో ఆయన ఒకదాని మీద ఒకటిగా, ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు రోటర్లు పెట్టారు. ఒక రోటర్ వదిలిన గాలి రెండోదాన్ని చెడగొట్టి, రెండూ వేరువేరు వేగాలతో తిరిగాయి, యంత్రం గాలిలోకి లేవనే లేదు. తర్వాతి యంత్రాలలో ఒకే రోటర్‌కు మారితే కొత్త సమస్య ఎదురైంది. లేవబోయే సమయానికి యంత్రం ఒక పక్కకు ఒరిగి బోర్లా పడేది.

కారణం ఊహించడం కష్టం కాదు. పై జవాబులోని అంకెలనే తీసుకుంటే రోటర్ కొన వేగం గంటకు సుమారు 400 కిలోమీటర్లు. యంత్రం గంటకు 150 కిలోమీటర్ల వేగంతో పోతోందనుకుందాం. ముందుకు వచ్చే బ్లేడు కొనకు తగిలే గాలి 550, అదే బ్లేడు అవతలి పక్కన వెనక్కి పోతున్నప్పుడు తగిలే గాలి 250. లిఫ్ట్ వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి ఒక పక్క రెండో పక్కకంటే దాదాపు 5 రెట్లు బలంగా ఎత్తాలని చూస్తుంది. బ్లేడులను ఇరుసుకు గట్టిగా బిగిస్తే ఆ తేడా అంతా యంత్రం మీద పడి దాన్ని ఒరగదోస్తుంది.

సియెర్వాను ఆలోచనలో పడేసిన సంగతి ఏమిటంటే, రబ్బరు పట్టీ శక్తితో ఎగిరే ఆయన చిన్న నమూనా ఏ ఒరుగుడూ లేకుండా చక్కగా ఎగిరేది. పెద్ద యంత్రం పడిపోతూ ఉంటే అదే ఆకారంలోని చిన్నది ఎందుకు ఎగురుతోంది? నమూనా బ్లేడులకు వెన్నుగా వాడింది పేము బెత్తం, అది వంగుతుంది. గాలి ఎక్కువగా తగిలిన పక్క బ్లేడు పైకి వంగి, తక్కువ తగిలిన పక్క కిందికి దిగి, తేడాను తనలోనే సర్దుకుంటోంది. పెద్ద యంత్రంలో అదే పని చేయడానికి ఆయన ప్రతి బ్లేడునూ ఇరుసు దగ్గర ఒక కీలుతో తగిలించారు. మోచెయ్యి కీలులాగా బ్లేడు పైకీ కిందికీ స్వేచ్ఛగా కదులుతుంది. ముందుకు వచ్చే బ్లేడు పైకి లేస్తున్నప్పుడు గాలికి ఎదురయ్యే కోణం తగ్గుతుంది, దానితో లిఫ్ట్ తగ్గుతుంది. వెనక్కి పోయే బ్లేడు కిందికి దిగుతున్నప్పుడు కోణం పెరిగి లిఫ్ట్ పెరుగుతుంది. రెండు పక్కలూ సమానమవుతాయి. కీలు అంటే బ్లేడులు పైకి ముడుచుకుపోవా అన్న అనుమానం వస్తుంది, కానీ తిరుగుతున్నప్పుడు పుట్టే అపకేంద్ర బలం బ్లేడు బరువుకు ఎన్నో రెట్లు ఉండి వాటిని చాచి పట్టుకుంటుంది, బ్లేడులు గొడుగును తిరగేసినట్టు స్వల్పంగా మాత్రమే పైకి లేస్తాయి.

ఈ కీళ్ళతో కట్టిన సి.4 అనే యంత్రాన్ని 1923 జనవరిలో మాడ్రిడ్ దగ్గరి గెటాఫె మైదానంలో అలెహాండ్రో గోమెస్ స్పెన్సర్ అనే సైనిక పైలట్ విజయవంతంగా ఎగరేశారు. అదే నెలలో జరిగిన మరొక సంఘటన నాకు మొదటి ఎగురుడుకంటే ముఖ్యమనిపిస్తుంది. యంత్రం ముక్కు పైకెత్తి, నేల నుంచి కొద్ది మీటర్ల ఎత్తులో ఉన్నప్పుడు ఇంజన్ ఆగిపోయింది. 1919లో మామూలు రెక్కల విమానాన్ని కూల్చిన పరిస్థితి దాదాపు ఇదే. సి.4 మాత్రం నెమ్మదిగా నేలకు దిగింది, పైలట్‌కు ఏమీ కాలేదు. తాను వేసుకున్న ప్రశ్నకు సియెర్వాకు అక్కడే జవాబు దొరికింది.

ఆ తర్వాతి అడుగులు త్వరగా చెప్పుకోవచ్చు. 1925లో ఫార్న్‌బరోలో బ్రిటన్ అధికారుల ముందు సి.6 ప్రదర్శన జరిగింది. మరుసటి సంవత్సరం పారిశ్రామికవేత్త జేమ్స్ వెయిర్ ఆర్థిక సహాయంతో ఇంగ్లండులో సియెర్వా ఆటోజైరో కంపెనీ ఏర్పడింది. 1928 సెప్టెంబరులో సియెర్వా స్వయంగా సి.8 నడుపుతూ ఇంగ్లిష్ ఛానల్ దాటి లండన్ నుంచి పారిస్ చేరారు.

ప్రశ్న అడిగినవారి మాట

ఇద్దరికీ కృతజ్ఞతలు. బ్లేడు అంటే వృత్తంలో తిరిగే గ్లైడర్ అన్న మాటతో నా చిక్కు విడిపోయింది, గాలి దిశను బొమ్మ గీసి చూసుకుంటే నడిమి భాగంలో లిఫ్ట్ ముందుకు వాలడం స్పష్టంగా కనిపించింది. ఇప్పుడు ఇంకో రెండు సందేహాలు మిగిలాయి. మొదట రోటర్‌ను సరైన దిశలో తిప్పి పెట్టాలన్నారు, ఆ పని ఎలా చేసేవారు? ఇంజన్‌తోనే తిప్పితే అది హెలికాప్టర్ అయిపోదా? రెండోది, తొలి ఆటోజైరోల ఫొటోలలో రోటర్‌తో పాటు చిన్న రెక్కలు కూడా కనిపిస్తున్నాయి, తర్వాతి వాటిలో అవి లేవు. ఎందుకు తీసేశారు?

మూడవ జవాబు

నేను చిన్న నమూనా ఆటోజైరోలు తయారు చేస్తుంటాను. పై మిత్రులు చెప్పిన ఒరుగుడును నా చేతులతో అనుభవించాను. మొదటి నమూనాలో బ్లేడులను గట్టి చెక్క ముక్కకు బిగించాను. చేత్తో విసిరిన ప్రతిసారీ అది ఒకే పక్కకు ఒరిగి నేలను గుద్దుకునేది. బరువు సర్ది, తోక మార్చి, వారాల తరబడి తప్పు ఇంకెక్కడో వెతికాను. చివరకు చెక్క ముక్క తీసేసి పలుచని ప్లాస్టిక్ పలక పెట్టగానే తిన్నగా ఎగిరింది. దానితో సియెర్వా చేసిన పని మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది, ఎందుకంటే ఆయనకు ఇలా చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

రోటర్‌ను తిప్పి పెట్టడం గురించి. మొదట్లో బ్లేడుల మొదళ్ళ దగ్గర ఉన్న మొలలకు తాడు చుట్టి, బొంగరాన్ని తిప్పినట్టు మనుషులు ఆ తాడును లాగుతూ పరుగెత్తేవారు. తర్వాత యంత్రాన్ని మైదానంలో నేల మీదనే నడిపితే ఎదురు గాలికి రోటర్ మెల్లగా వేగం అందుకునేది. దీనికి సమయమూ స్థలమూ ఎక్కువ పట్టేవి. చిన్న స్థలం నుంచి లేవడమే ప్రయోజనమైన యంత్రానికి ఇది పెద్ద లోటు. 1929లో వచ్చిన సి.19లో తోక పలకలను పైకి తిప్పి, ప్రొపెల్లర్ వెనక్కి తోసే గాలిని రోటర్ మీదికి మళ్ళించే ఏర్పాటు చేశారు. ఆ తర్వాత ఇంజన్ నుంచి ఒక షాఫ్ట్, క్లచ్ ద్వారా రోటర్‌ను నేల మీద ఉన్నప్పుడే తిప్పే పద్ధతి స్థిరపడింది.

ఇక్కడే మీ సందేహం: అది హెలికాప్టర్ కాదా? కాదు. ఇంజన్ రోటర్‌ను ఒక దిశలో తిప్పుతుంటే యంత్రం శరీరం ఎదురు దిశలో తిరగబోతుంది. నేల మీద ఉన్నంతసేపూ చక్రాలు ఆ తిరుగుడును ఆపుతాయి. గాలిలోకి లేచే ముందు క్లచ్ విడిచేస్తారు, ఆపై రోటర్‌ను తిప్పేది గాలి ఒక్కటే. కాబట్టి ఒకే పెద్ద రోటర్ ఉన్న హెలికాప్టర్‌కు సాధారణంగా ఉండే తోక రోటర్ ఆటోజైరోకు అవసరం లేదు.

ఈ ఏర్పాటు నుంచే మరొక అద్భుతమైన ఆలోచన పుట్టింది. బ్లేడుల కోణాన్ని సున్నాకు తెచ్చి, నేల మీద ఉండగానే రోటర్‌ను ఎగిరేటప్పటికంటే ఎక్కువ వేగంతో తిప్పి, క్లచ్ విడిచిన క్షణంలో బ్లేడులకు మళ్ళీ కోణం వచ్చేలా చేస్తే, రోటర్‌లో నిల్వ ఉన్న శక్తి యంత్రాన్ని ఉన్నపాటున గాలిలోకి ఎగరేస్తుంది. ఈ గెంతుడు పద్ధతిని 1936 జులైలో లండన్ దగ్గరి హౌన్‌స్లో హీత్‌లో అందరి ఎదుట చూపించారు. పరుగు తీయకుండానే యంత్రం నేల వదిలి లేచింది. అయితే ఆ శక్తి కొద్ది క్షణాలకు మాత్రమే సరిపోతుంది, ఆలోపు ప్రొపెల్లర్ యంత్రాన్ని ముందుకు నడిపించాలి.

చిన్న రెక్కల సంగతి. తొలి ఆటోజైరోలను పైలట్ మామూలు విమానంలాగే నడిపేవాడు: పక్కకు ఒరిగించడానికి రెక్కల చివర కదిలే పలకలు, ముక్కు ఎత్తి దించడానికి తోక పలకలు. ఆ పలకలు పని చేయాలంటే వాటి మీదుగా గాలి వేగంగా పోవాలి. రోటర్ వల్ల యంత్రం ఎంతో నెమ్మదిగా దిగగలదు, కానీ ఆ నెమ్మదిలోనే పలకలు చచ్చుబడిపోతాయి. అంటే పడిపోదు, మాటా వినదు. నేలకు దగ్గరగా, గాలి తాకిడి ఉన్న రోజు ఇది ఎంత ఇబ్బందో ఆలోచించండి. 1930ల మొదట్లో సియెర్వా దీనికి కనుక్కున్న పరిష్కారం, రోటర్ ఇరుసు తలనే పైలట్ చేతి కర్రతో అన్ని దిక్కులా వాల్చగలిగేలా చేయడం. రోటర్ ఏ పక్కకు వాలితే దాని లాగుడు ఆ పక్కకు మళ్ళుతుంది, యంత్రం వేగంతో దానికి పని లేదు. అప్పుడు రెక్కలూ పలకలూ అనవసరమై పోయాయి. సి.30 ఫొటోలు చూస్తే రోటర్ తల నుంచి పైలట్ ముందుకు వేలాడే పొడవాటి కర్ర ఒకటి కనిపిస్తుంది, అదే ఇది.

నాలుగవ జవాబు

కీలు గురించి ఒక చిన్న సవరణ. బ్లేడులకు కీళ్ళు పెట్టాలన్న ఆలోచన కాగితం మీద అంతకుముందే ఉంది. ఫ్రాన్సుకు చెందిన షార్ల్ రెనార్ 1904లోనే దాన్ని సూచించారు. దానివల్ల సియెర్వా గొప్పతనం తగ్గదు. ఆ కీలుతో మనిషిని మోసుకుని ఎగిరిన యంత్రాన్ని మొదట చూపించినది ఆయనే. ఇంకొక రకం కీలు కూడా ఉంది. బ్లేడు పైకీ కిందికీ కదులుతున్నప్పుడు అది తిరిగే దిశలో కూడా ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి జరగాలని చూస్తుంది. ఆ కదలికకు చోటు ఇవ్వకపోతే బ్లేడు మొదలు ప్రతి చుట్టుకూ వంగి వంగి అలసిపోతుంది. 1927లో ఒక సి.6 ఎగురుతుండగా బ్లేడు విరిగి కూలిన తర్వాత, అటూఇటూ కదిలే రెండో కీలు వచ్చి చేరింది.

ఇక ఆటోజైరో ఎందుకు కనుమరుగైందన్నది. 1930ల మొదట్లో దానికి వచ్చిన ఆదరణ తక్కువది కాదు. అమెరికాలో హెరాల్డ్ పిట్‌కెయిర్న్ సియెర్వా హక్కులు తీసుకుని పి.సి.ఎ-2 తయారు చేశారు. ప్రసిద్ధ పైలట్ అమెలియా ఇయర్‌హార్ట్ 1931 ఏప్రిల్ 8న అందులో 18,415 అడుగుల ఎత్తుకు వెళ్ళారు. అదే నెల 22న ఒక పిట్‌కెయిర్న్ ఆటోజైరో వైట్ హౌస్ పచ్చికలో దిగింది, ఆ సందర్భంలో అధ్యక్షుడు హూవర్ విమానయాన రంగంలో ఇచ్చే కోలియర్ ట్రోఫీని పిట్‌కెయిర్న్ బృందానికి అందజేశారు. 1939 జులై నుంచి ఏడాది పాటు ఫిలడెల్ఫియా పోస్టాఫీసు కప్పు మీది నుంచి కెల్లెట్ కంపెనీ ఆటోజైరోలు తపాలా సంచులు మోశాయి.

అయినా సంఖ్య పెరగలేదు. ఆర్థిక మాంద్యంలో సొంత విమానం కొనగలవాళ్ళు ఎంతమంది? అది పైకి కనిపించే కారణం. లోపలి కారణం యంత్రంలోనే ఉంది. రోటర్ ఒకే బరువును మోయడానికి స్థిరమైన రెక్కకంటే ఎక్కువ నిరోధాన్ని కలిగిస్తుంది. అంటే అదే ఇంజన్‌తో ఆటోజైరో తన సాటి విమానంకంటే నెమ్మదిగా పోతుంది, ఎక్కువ ఇంధనం తాగుతుంది. వేగం పెంచబోతే వెనక్కి పోయే బ్లేడుకు గాలి చాలక లిఫ్ట్ పోతుంది. ఇటు చూస్తే, గాలి రోటర్ గుండా పైకి పోతూనే ఉండాలి కాబట్టి గాలి కదలని రోజున అది ఒకే చోట నిలబడి ఉండలేదు. విమానమంత వేగం లేదు, హెలికాప్టర్‌లా నిలవడమూ లేదు. ఈ రెండింటి మధ్య ఉన్న చోటు దాన్ని కొనేవాళ్ళకు ఇరుకుగా అనిపించింది.

సియెర్వా 1936 డిసెంబరు 9న క్రాయిడన్‌లో పొగమంచులో లేస్తూ కూలిన డి.సి-2 ప్రయాణ విమానంలో చనిపోయారు. విమానం నెమ్మదించినా పడిపోకూడదని జీవితమంతా పని చేసిన మనిషి స్థిరమైన రెక్కల విమానం కూలి చనిపోవడం నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది. ఆయన వయసు 41.

అదే సంవత్సరం జూన్‌లో జర్మనీలో ఫోకె ఎఫ్‌డబ్ల్యూ-61 హెలికాప్టర్ మొదటిసారి ఎగిరింది. దాన్ని కట్టిన ఫోకె-వుల్ఫ్ సంస్థ అంతకుముందు సియెర్వా ఆటోజైరోలను లైసెన్సు మీద తయారు చేసిన సంస్థ. ఇది యాదృచ్ఛికం కాదు. కీళ్ళున్న బ్లేడులను ఎలా కట్టాలి, వాటి కంపనాలను ఎలా అదుపు చేయాలి, రోటర్‌ను వాల్చి యంత్రాన్ని ఎలా నడపాలి అన్నవన్నీ అప్పటికి 13 సంవత్సరాలుగా ఆటోజైరోలు ఎగిరి ఎగిరి తేల్చిన విషయాలు. హెలికాప్టర్ కట్టేవాళ్ళకు మిగిలింది రోటర్‌కు ఇంజన్ శక్తి అందించడం, శరీరం ఎదురు తిరగకుండా ఆపడం, బ్లేడుల కోణాన్ని ఎగురుతుండగా మార్చడం. అవి చిన్న పనులని నేను అనను. కానీ 1907 నుంచి ఎందరో ప్రయత్నించి నిలకడగా ఎగరలేకపోయిన హెలికాప్టర్, ఆటోజైరో తర్వాత కొద్ది సంవత్సరాలలోనే ఎగిరిందన్నది గమనించాలి. 1938లో అమెరికా కాంగ్రెస్ రోటర్ విమానాల అభివృద్ధికి 20 లక్షల డాలర్లు అనుమతిస్తూ చట్టం చేసింది. ఆటోజైరో వాళ్ళు ఎంతో శ్రమించి సాధించుకున్న చట్టం అది, చివరకు దాని వల్ల ఎక్కువ మేలు జరిగింది హెలికాప్టర్‌కే.

అందువల్ల సగం ప్రయత్నం అన్న మాటను నేను ఒప్పుకోను. ఆటోజైరో వేసుకున్న ప్రశ్న వేరు, దానికి అది పూర్తి జవాబే చెప్పింది. యుద్ధకాలంలో బ్రిటన్ వైమానిక దళం సి.30లను రాడార్ కేంద్రాల కొలతలు సరిచూడడానికి వాడింది, ఎందుకంటే నెమ్మదిగా ఒకే చోట చుట్లు కొట్టగల యంత్రం ఆ పనికి కావాలి. యుద్ధం తర్వాత 1950లలో ఇగోర్ బెన్సెన్ ఒక్క మనిషి కూర్చునే తేలికపాటి జైరోల నమూనాలను జనానికి అందించారు. ఇవాళ ఎగురుతున్న చిన్న జైరోలకు వంశం ఎక్కువగా అక్కడి నుంచే.

ప్రశ్న అడిగినవారి మాట

నాలుగు జవాబులనూ రెండుసార్లు చదివాను. చివరిగా ఒకటి. హెలికాప్టర్ ఇంజన్ ఆగిపోతే అది కూడా ఆటోరొటేషన్‌లోనే దిగుతుందని విన్నాను. పైలట్ వెంటనే ఎడమ చేతి పక్కన ఉన్న లివర్‌ను కిందికి తొయ్యాలట. పడిపోతున్న యంత్రంలో బ్లేడుల కోణం పెంచాలి గాని తగ్గించడం ఏమిటి?

మొదటి జవాబు రాసినవారు

మీరు మొదట అడిగిన ప్రశ్నే ఇది, రెండో వైపు నుంచి వచ్చింది. ఇంజన్‌తో ఎగురుతున్నప్పుడు హెలికాప్టర్ బ్లేడు కోణం పెద్దది, గాలి రోటర్ గుండా పై నుంచి కిందికి పోతుంది, లిఫ్ట్ వెనక్కి వాలి ఉంటుంది, ఆ వెనక్కి లాగుడును ఇంజన్ గెలుస్తూ ఉంటుంది. ఇంజన్ ఆగగానే ఆ కోణాన్ని అలాగే ఉంచితే నిరోధం రోటర్‌ను కొద్ది క్షణాలలోనే నెమ్మదింపజేస్తుంది, బ్లేడులు గాలి మీద పట్టు కోల్పోతాయి, ఆ తర్వాత వాటిని మళ్ళీ వేగం అందుకునేలా చేయడం సాధ్యం కాదు. లివర్‌ను కిందికి తోస్తే కోణం ఆటోజైరో బ్లేడుకు ఉన్నంత చిన్నదవుతుంది. యంత్రం దిగడం మొదలై గాలి కింది నుంచి పైకి పోతుంది, నడిమి భాగంలో లిఫ్ట్ ముందుకు వాలుతుంది, రోటర్ తిరుగుతూ ఉంటుంది. నేల దగ్గర పడ్డాక పైలట్ అదే లివర్‌ను పైకి లాగి, తిరుగుతున్న రోటర్‌లో మిగిలి ఉన్న శక్తిని ఖర్చు పెట్టి, దిగే వేగాన్ని తగ్గించుకుంటాడు. గెంతుడు ఆటోజైరో లేవడానికి వాడిన శక్తి కూడా అదే, ఇక్కడ దిగడానికి పనికొస్తుంది.